రెప్ప దించిన తాళం

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరెవరున్నారంటే: నాన్న, ఎన్నాళ్లకో పగటిపూట సెలవు దొరికిన అమ్మ, కిటికీ పక్క మంచంలో నాయనమ్మ, గోడకు వీపు ఆనించి అన్నయ్య, లోపలికీ బయటికీ కాకుండా గుమ్మంలో గింజ, నాన్న ఎవరినీ కూర్చోనివ్వని కుర్చీలో స్టూడియో తాతయ్య. వీళ్లు కాక, బల్ల మీద పరిచిన పాత పేపరు మీద ఒక తాళంకప్ప. దాన్నీ మనుషుల్లో కలపాల్సిందే. ఆ పూట ముందుగా నోరు విప్పింది అదే.

జెండా ఇంకా రాలేదు. వాడు వస్తాడని ఎవరూ అనుకోలేదు కూడా.

గింజకు బడిలో వేరే పేరుంది. పుట్టినప్పుడు మరీ ఇంతే ఉందని నాయనమ్మ గింజ అంది, ఇక ఆ పేరు వదల్లేదు. ఇప్పుడు తొమ్మిదో తరగతికి వచ్చింది గానీ, కొత్తవాళ్ల ముందు నోరు తెరవాలంటే ఇప్పటికీ గొంతులో వెలక్కాయ పడ్డట్టే ఉంటుంది. బడిలో హాజరు పిలిస్తే చెయ్యెత్తి ఊరుకుంటుంది. పంతులమ్మ విసుక్కుంటే పక్కపిల్ల "వచ్చిందండీ" అంటుంది. ఇంట్లో మాత్రం ఆ ఇబ్బంది ఉండేది కాదు. ఇంట్లో ఆమె తరఫున మాట్లాడటానికి అన్నయ్య ఉండేవాడు.

నాన్న తాళాలు బాగుచేస్తాడు. ఇంటి ముందుగదే కొట్టు. గోడ నిండా మేకులు, మేకులకు తాళంచెవుల గుత్తులు, బల్ల కింద డబ్బాల్లో తుప్పు పట్టిన తాళాలు, ఎటు చెయ్యి వేసినా ఇనుప రజను. బడి విడిచాక అన్నాచెల్లెళ్లిద్దరూ సంచులు పక్కన పడేసి ఆ బల్ల ముందు చెరో ముక్కాలిపీట మీద కూర్చునేవాళ్లు. నాన్న చెరో పాత తాళం వాళ్ల ముందుకు తోసేవాడు. వంకర కమ్మీ లోపలికి పోనిచ్చి, చెవి ఆనించి, మీట ఎక్కడ కదులుతుందో వినాలి. అన్నయ్యకు చేతుల్లో బలం, గింజకు చెవుల్లో ఓపిక. చాలాసార్లు గింజ తాళమే ముందు టక్కుమనేది. "నీది ముసలి తాళమే, పళ్లూడిపోయి నోరు తెరిచింది" అనేవాడు అన్నయ్య. గింజ నవ్వలేక పీట మీంచి జారిపడేది.

ఆ కొట్టుకు రెండు కట్టుబాట్లు ఉన్నాయి. సొంతదారు పక్కన నిలబడి ఉంటే తప్ప తాళంలో కమ్మీ పెట్టకూడదన్నది ఒకటి. రెండోది రెప్ప. నాన్న అమ్మే తాళాలకు చెవి దూరే కన్నం మీద చిన్న ఇత్తడి రేకు ఉంటుంది, వేలితో జరిపితే పైకీ కిందికీ జరుగుతుంది. దాన్ని వాళ్లింట్లో రెప్ప అంటారు. వీధిలో దాన్ని ఎవరూ పట్టించుకోరు, అది ఎందుకుందో కూడా చాలామందికి తెలియదు. నాన్నకు మాత్రం అది పట్టింపు. పక్కింటిదాకా వెళ్లొచ్చేటట్టయితే రెప్ప అక్కర్లేదు. ఇప్పట్లో తిరిగి రామనుకుంటేనే రెప్ప దించాలి, లేకపోతే లోపల దుమ్ము చేరుతుంది. అందుకే తలుపుకున్న తాళం చూసి, ఇంటివాళ్లు దగ్గరికి వెళ్లారో దూరం వెళ్లారో వాళ్లింట్లో ఎవరైనా చెప్పేస్తారు.

పొడి సంగతి కూడా చెప్పాలి. ఒకసారి గింజ బల్ల దగ్గర పెన్సిలు చెక్కుకుంటుంటే ఆ నల్లటి నుసి ఒక మొండి తాళంలో పడింది. ఎంత నూనె పోసినా కదలని తాళం అది. కాసేపటికి చెవి పెడితే వెన్నలో తిరిగినట్టు తిరిగింది. నాన్న కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఎవరు చేశారిది అని అడిగాడు. తప్పు చేశాననుకుని గింజ అన్నయ్య వెనక దాక్కుంది. "చెల్లి" అన్నాడు అన్నయ్య, తనే చేసినంత గర్వంగా. అప్పటి నుంచి ఆ కొట్లో నూనె మానేసి పెన్సిలు ములుకులు నూరి వాడటం మొదలైంది. దానికి గింజపొడి అని పేరు పెట్టింది కూడా అన్నయ్యే. అదేదో కూరలో వేసేదనుకుని నాయనమ్మ రుచి చూసి, ఆ రోజంతా నల్లటి నాలుకతో అందర్నీ తిట్టింది.

అలాంటి ఇంటికి జెండా వచ్చాడు.

వాడు పొడుగ్గా, వెదురుబద్దలా ఉంటాడు. ఎంత బిగించి కుట్టించినా చొక్కా ఒంటిని అంటుకోదు, నడుస్తుంటే రెపరెపలాడుతుంది. సైకిలు తాళంచెవి పారేసుకుని, సైకిలును భుజాన వేసుకుని కొట్టుకు వచ్చాడు. నాన్న లేడు. అన్నయ్య కమ్మీ పెట్టి క్షణంలో తీశాడు. సొంతదారు పక్కనే ఉన్నాడు కాబట్టి తప్పు లేదు. జెండా ఆ చేతుల వంక కాసేపు చూసి, "నీ చేతుల్లో ఏదో ఉందిరా" అన్నాడు.

అంతే. ఇంట్లో ఎవరూ అన్నయ్యను ఆ మాట అనలేదు మరి. ఇంటిల్లిపాదికీ వచ్చిన పనిని ఇంట్లో ఎవరు మెచ్చుకుంటారు? పక్క పీట మీద గింజ కూడా ఉంది. జెండా పీటను ఎంత చూశాడో ఆమెనూ అంతే చూశాడు.

మర్నాటి నుంచి బడి విడిచాక అన్నయ్య సంచి ఒక్కటే ఇంట్లోకి వచ్చేది. గుమ్మంలోంచి దాన్ని విసిరేసి అతను అటునుంచి అటే వెళ్లిపోయేవాడు. అన్నయ్య, జెండా, ముందుపళ్లు ఊడి కిటికీ అని పేరు తెచ్చుకున్న ఇంకొకడు, ముగ్గురూ దీపాలు వేసేదాకా ఎక్కడ తిరిగేవాళ్లో ఎవరికీ తెలియదు. అమ్మ ఆసుపత్రిలో నర్సు, సాయంత్రాలు ఇంట్లో ఉండదు. నాన్నకు తల ఎత్తే తీరిక లేదు. నాయనమ్మేమో, ఎదిగే పిల్లాడు, కాస్త గాలి తగలనీ అనేది. ఆ గాలి ఏ వైపు నుంచి వీస్తోందో చూసేవాళ్లు లేరు.

గింజ చూసింది. ఇదివరకు ముక్కులోంచి నవ్వే అన్నయ్య ఇప్పుడు జెండాలా మెడ వెనక్కి వంచి నవ్వుతున్నాడు. మాట మాటకూ ముందు "అసలు" తగిలిస్తున్నాడు, అదీ జెండాదే. తలలో పాపిడి కూడా పక్కకు జరిగింది. ఇంట్లో సామాను ఒక్కొక్కటే ఎవడో పట్టుకుపోతుంటే చూస్తూ కూర్చున్నట్టు ఉండేది ఆమెకు. ఖాళీ పీటను చూడలేక దాని మీద తాళాల పళ్లెం తెచ్చి పెట్టింది. ఇప్పుడు రోజూ ఆమె తాళమే ముందు తెరుచుకునేది. ముసలి తాళం అని వెక్కిరించేవాడు లేనప్పుడు అది తెరుచుకుంటేనేం, మూసుకుంటేనేం.

ఒకరోజు పొద్దున్నే వీధిలో గోల. దర్జీ కొట్టు తాళం దర్జీ చెవితో రావడం లేదు. ఎదురుగా సెలూను తాళానిదీ అదే తీరు. ఇద్దరూ నాన్న కోసం కబురు పంపారు. నాన్న చూసీ చూడగానే నవ్వాడు. దర్జీ తాళం సెలూను తలుపుకు, సెలూను తాళం దర్జీ తలుపుకు మారిపోయి ఉన్నాయి. వీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నయం, మా ఇద్దరి కత్తెరలు మార్చలేదు అన్నాడు దర్జీ. ఆ నవ్వుల్లో, తాళాలు మార్చే పని ఈ వీధిలో ఎవరికి చేతనవుతుందని నాన్నకు తోచలేదు. పనిముట్ల సంచి పట్టుకుని పక్కన నిలబడ్డ అన్నయ్య మాత్రం నవ్వకుండా, పెదవులు లోపలికి లాక్కుని చెప్పుల వంక చూస్తున్నాడు.

గింజకు తెలిసిపోయింది. ఆమెకు భయం వేయలేదు. తప్పు కదా అని కూడా అనిపించలేదు. ఇంత సరదా పని నేను లేకుండా చేశాడే అని కడుపు మండింది. కంచాల దగ్గర చెబుతాడనుకుంది. పక్కలు వేసుకునేటప్పుడు చెబుతాడనుకుంది. అన్నయ్య దుప్పటి ముసుగు పెట్టి అటు తిరిగి పడుకున్నాడు.

సరదా తలకెక్కితే తలుపుల బయట ఆగదు. వీధి చివర స్టూడియో తాతయ్య ఫోటో స్టూడియో ఉంది. కళ్లకు ఆపరేషన్ చేయించుకోవడానికి ఆయన కూతురింటికి వెళ్లాడు. ఆ తలుపుకున్నది నాన్న అమ్మిన తాళమే. వేయడానికి చెవి అక్కర్లేదు, నొక్కితే పడుతుంది. తీయడానికి మాత్రం చెవి ఉండాలి, లేదంటే ఆ ఇంటి పిల్లల చేతులుండాలి. లోపల రాజుల కోట బొమ్మ వేసిన తెర, గొడుగు దీపాలు, ఇద్దరు కూర్చునేంత చెక్క చందమామ ఉంటాయి. చిన్నప్పుడు తాతయ్య అన్నాచెల్లెళ్లను ఆ చందమామ మీద కూర్చోబెట్టి ఫోటో తీశాడు. పడిపోతానని గింజ ఏడుస్తుంటే అన్నయ్య ఆమె గౌను గట్టిగా పట్టుకుని, "భయపడకే, నేనున్నాగా" అన్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ నాయనమ్మ మంచం పైన గోడకు ఉంది.

ఒక సాయంత్రం గింజ వాళ్ల వెనకే వెళ్లింది. ముగ్గురూ స్టూడియో తలుపు తీసి, తాళాన్ని గొళ్లేనికే తగిలించి, లోపలికి దూరి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఆమె సందులో కన్ను పెట్టింది. లోపల చెడ్డపనేదైనా జరుగుతుంటే ఆమెకు కాస్త ఊరటగా ఉండేదేమో. ఏమీ లేదు. కిటికీ కోట తెర ముందు నిలబడి, పళ్లు లేని నోటితో రాజులా ఆజ్ఞలు జారీ చేస్తున్నాడు. అన్నయ్య, జెండా చందమామ మీద పక్కపక్కన కూర్చుని ఒకే బన్ను తుంచుకుని తింటున్నారు. ఒకప్పుడు గింజ కూర్చున్న వైపునే జెండా కూర్చున్నాడు.

ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, "నేనూ ఉంటాను" అంది.

అన్నయ్య మొహం ఎర్రబడింది. "ఇంటికి పోవే" అన్నాడు.

"మీ చెల్లెలా? మాట్లాడుతుందేంట్రా?" అన్నాడు జెండా. నిజంగానే ఆశ్చర్యపోయాడు వాడు, వెక్కిరింత కాదు. కిటికీ మాత్రం పకపక నవ్వాడు. అప్పుడు అన్నయ్య కూడా నవ్వాడు, మెడ వెనక్కి వంచి.

తర్వాత కొన్నాళ్లు గింజ అటు పోలేదు. పోకుండా ఉండలేక మళ్లీ ఒక సాయంత్రం పోయింది. ఈసారి లోపలికి వెళ్లలేదు, తలుపు సందు దగ్గరే నిలబడింది. అన్నయ్య జేబులోంచి చిన్న రేకు డబ్బీ తీశాడు. కాగితం గొట్టంతో ఒక పాత తాళంలోకి పొడి ఊది, జెండా చేతికిచ్చాడు. జెండా తిప్పి చూసి, నోరు తెరిచి, ఎవరు కనిపెట్టార్రా ఇది అని అడిగాడు.

"నేనే. పెన్సిలు చెక్కుతుంటే పడింది" అన్నాడు అన్నయ్య.

గింజ చెంప పక్కనే తాళం వేలాడుతోంది. నవ్వు పోయింది, పాపిడి పోయింది, చందమామ పోయింది. ఇన్నిటికీ ఓర్చుకుంది. ఇప్పుడు నాన్న కళ్లద్దాలు పైకి తోసిన ఆ రోజును కూడా అన్నయ్య ఎత్తుకెళ్లి జెండా దోసిట్లో పోశాడు. ఆమె గొళ్లెం వేసింది. తాళం నొక్కింది. టక్.

ఆమె అనుకున్నది వేరు. లోపలివాళ్లు తలుపు బాదుతారు. చెవి లేకుండా బయటినుంచి తీయగలిగింది చెల్లెలొక్కతే అని అన్నయ్యకు తోస్తుంది. "గింజా" అని పిలుస్తాడు. అప్పుడు తీస్తుంది. జడలో గుచ్చుకున్న కమ్మీ సిద్ధంగానే ఉంది. తీసి పక్కకు నిలబడుతుంది, జెండా ఆమె చేతుల వంక చూస్తాడు.

లోపల ముందు నవ్వులు. తర్వాత తలుపు మీద చిన్న దెబ్బ. తర్వాత పెద్దది. వెలుగు తగ్గుతున్నకొద్దీ మాటలు తగ్గాయి. కాసేపటికి జెండా గొంతు వినిపించింది, వాడి ఎత్తుకు ఏమాత్రం సరిపోని సన్నటి గొంతు. చీకటంటే తనకు పడదని ఏదో చెబుతున్నాడు. దాని వెనకే అన్నయ్య గొంతు.

"భయపడకురా, నేనున్నాగా."

గింజ చెయ్యి జడలోని కమ్మీ దాకా వెళ్లి ఆగింది. ఆ మాట తనది. దాన్ని ఇంకొకళ్లకు వాడొచ్చని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. తాళాన్ని రెండుసార్లు లాగి చూసి, రెప్ప దించి, ఇంటికి వచ్చేసింది. రెప్ప దించినట్టు ఆమెకు తెలియను కూడా తెలియదు, చెయ్యి దానంతటది చేసుకున్న పని అది.

ఇంట్లో పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఒక్క అక్షరం కనిపించలేదు. ఇప్పుడు వెళ్లి తీస్తాను, ఇప్పుడు తీస్తాను అని ఆమె అనుకుంటూ ఉండగానే అన్నయ్య కుంటుకుంటూ వచ్చాడు. ఆటలో పడ్డానన్నాడు. చొక్కా చెయ్యి ఒకటి చిరిగి, ఒక పేలిక మాయమై ఉంది. అమ్మ రాకముందే కుట్టిపెట్టవే అని బతిమాలాడు. గింజ దీపం కింద కూర్చుని, లేని ముక్కను లేనట్టు కనిపించకుండా చిన్న చిన్న కుట్లతో కుట్టింది. ఎన్నాళ్లకో అన్నయ్య ఆమె పక్కన కూర్చుని దారం అందించాడు. "మంచిదానివే నువ్వు" అన్నాడు. ఆ మాటకు ఆమెకు ఏడుపు రావాల్సింది, కానీ పట్టరాని సంతోషం వచ్చింది. జరిగిందంతా మంచికే జరిగిందనిపించింది.

ఇక ఆదివారం. స్టూడియో తాతయ్య ముందురోజే తిరిగి వచ్చాడట. వీధివైపు కిటికీ అద్దం పగిలి ఉంది, పెంకులు లోపల కాదు, వీధిలో పడి ఉన్నాయి. ఆ కిటికీ కిందే చందమామ నడుముకు విరిగి ఉంది. వస్తువేదీ పోలేదు. తలుపుకు తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది, తన చెవితోనే వచ్చింది, కాకపోతే చెవి నల్లగా తయారైంది. ఇదేం మాయో చూసి పెట్టమని తాళం తెచ్చాడు.

నాన్న తాళాన్ని తలకిందులు చేసి పేపరు మీద తట్టాడు. నల్లటి పొడి రాలింది.

"గింజపొడే" అంది నాయనమ్మ, పోయిందేదో దొరికినట్టు.

నాన్న గింజ వైపు చూడలేదు. తాళాలు తీసేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారనీ, పొడి ఊది తీసేవాడు తన కప్పు కిందే ఉన్నాడనీ మెల్లగా అన్నాడు. దర్జీ, సెలూను సంగతి కూడా ఇప్పుడు తెలిసిందన్నాడు. అన్నయ్య నేల చూపులు చూస్తూ, నేనే నాన్నా అన్నాడు. ఇంకెవరున్నారని అడిగితే మాట్లాడలేదు. రెండోసారి అడిగినా మాట్లాడలేదు. ఆ మౌనం ఎవరి కోసమో గింజకు తెలుసు. గుమ్మంలో నిలబడి, కళ్లలో నిప్పులు పోసుకుని చూసింది. తన కోసం అన్నయ్య ఎప్పుడూ ఇంత గట్టిగా పళ్లు బిగించలేదు.

"జెండా, కిటికీ" అంది.

ఎవరూ ఆమెను అడగలేదు. హాజరుకు పలకని పిల్ల పరాయి మనిషి ముందు నోరు తెరిచేసరికి అందరూ తిరిగి చూశారు. నాయనమ్మ తల తిప్పి, కిటికీ మూసే ఉందిగా అంది. అన్నయ్య కూడా చూశాడు. అప్పటికింకా ఆ చూపులో ఉన్నది చిరాకు మాత్రమే, పుల్లలు పెట్టే చెల్లెలి మీద ఏ అన్నకైనా ఉండేది.

అప్పుడే కొట్టు మెట్టు మీద జెండా ప్రత్యక్షమయ్యాడు. తాతయ్య తాళం పట్టుకుని ఇటు రావడం చూశాడట. కుడిచేతికి మురికి పేలిక చుట్టి ఉంది. మెట్టు మీద నుంచే గబగబా చెప్పేశాడు.

"బాబాయ్, తియ్యమన్నది నేనే. చందమామ ఎక్కిందీ నేనే, అద్దం కొట్టిందీ నేనే. వాణ్ణేం అనకండి."

అన్నయ్య గోడను వదిలి నాలుగడుగులు వేసి వాడి పక్కన నిలబడ్డాడు. ఎవరూ నిలబడమనలేదు.

నాన్న ఏదో అనబోయేలోపు అమ్మ లేచింది. పిల్లాడి చెయ్యి పట్టుకుని, పేలిక విప్పి, ఈ కట్టు ఏ మహానుభావుడు కట్టాడని అడిగింది. "వీడే" అన్నాడు జెండా. అమ్మ చేతిలోని పేలిక మీద నీలం గళ్లున్నాయి. గింజ కుట్టి కుట్టి కప్పేసిన చొక్కా ముక్క అది. చీము పట్టలేదు, నీ అదృష్టం అని తిడుతూనే అమ్మ గాయం కడిగింది. దూది తెమ్మని గింజకు చెప్పింది. గింజ దూది తెచ్చింది. గిన్నె పట్టుకోమంటే పట్టుకుంది. అమ్మ జెండా వేళ్లను గింజ వేళ్లను పట్టుకున్నంత మెత్తగా పట్టుకుని ఉంది.

"కావాలని పగలగొట్టలేదు తాతా" అన్నాడు జెండా, నొప్పికి మూతి వంకర పెట్టి. "ఎవరో బయట తాళం వేసేశారు. తలుపు ఎంత కొట్టినా ఎవరూ రాలేదు."

దారినపోయేవాళ్లు తాళం వేలాడుతుంటే చూసి, మంచిపని చేద్దామని వేసి ఉంటారని నాన్న అన్నాడు. తాతయ్య తల అడ్డంగా ఊపాడు. ఆయనకు ఇంకొక చిన్న ఫిర్యాదు ఉంది.

"ఎవరు వేశారో గానీ నన్ను ఏడిపించారు. చెవి పెడదామంటే కన్నం కనపడలేదు. అసలే కొత్త కళ్లు. ఎప్పుడూ పైకి ఉండే ఆ బుల్లి రేకు కిందికి దించి ఉంది. ఇన్నేళ్లలో నేను దాన్ని ముట్టుకున్నదే లేదు. కన్నం పూడ్చేశారేమో అనుకున్నా."

నాన్న బొటనవేలు ఆ ఇత్తడి రేకును ఒకసారి కిందికి జరిపింది, మళ్లీ పైకి జరిపింది. అమ్మ కట్టు కడుతున్న చేతులు ఆగి, మళ్లీ కదిలాయి. ఆ మాట అర్థం కానిది జెండాకూ, తాతయ్యకూ మాత్రమే. అన్నయ్య తల ఎత్తాడు. చూపు తాళం మీద నుంచి గింజ మీదికి వచ్చి అక్కడే నిలిచిపోయింది. చిరాకు లేదు అందులో. ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు చూశాడు. గిన్నెలో నీళ్లు ఒలికి గింజ పాదాల మీద పడ్డాయి.

నాన్న ఇద్దరి మధ్య ఉన్న ఆ చూపును చూశాడు. తాళాన్ని పేపర్లో చుట్టి, తన తీర్పు చెప్పాడు. ఇకనుంచి బడి కాగానే అన్నయ్య కొట్లోకి రావాలి, తను లేవమనేదాకా పీట దిగకూడదు. జెండా అయినా, ఆ రెండోవాడైనా ఈ మెట్టు ఎక్కకూడదు.

అంత భయంలోనూ గింజ గుండె ఒక్కసారి ఎగిరింది. పీట మీది పళ్లెం తీసేయాలి, రజను తుడవాలి అనుకుంది. కోపం ఎన్నాళ్లుంటుంది? రోజూ పక్కనే కూర్చుంటే కరిగిపోదూ?

"మరి నా చందమామ?" అన్నాడు తాతయ్య.

దాన్ని తను బాగుచేయిస్తానన్నాడు నాన్న. తాతయ్య ఒప్పుకోలేదు. వీళ్లిద్దరే వచ్చి చేయాలన్నాడు. ఒకడు పట్టుకుంటే ఇంకొకడు మేకు కొట్టాలి, ఒక్కడివల్ల అయ్యే పని కాదన్నాడు. రోజూ సాయంత్రం తలుపు బార్లా తీసి పెడతాననీ, తను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాననీ, అది బాగయ్యాక కూడా కూర్చోవాలనిపిస్తే వచ్చి కూర్చోవచ్చనీ అన్నాడు. పిల్లలు కూర్చోడానికే చేశానది అన్నాడు. నాన్న చాలాసేపు మీసం దువ్వుకుని, సరే, మీ ఎదురుగా అయితే సరే అన్నాడు. నా మెట్టు మాత్రం ఎక్కకూడదు అని జెండాకు ఇంకోసారి చెప్పాడు. మెట్టు మీదే నిలబడి ఉన్న జెండా చటుక్కున కిందికి దిగాడు. అన్నయ్య ముక్కులోంచి నవ్వాడు, పాత నవ్వు. కానీ అది జెండా కోసం.

వాళ్లు వెళ్లాక అన్నయ్య వెనకగదిలోకి పోయాడు. ఆ ఇంట్లో లోపలి తలుపులు ఎప్పుడూ తీసే ఉంటాయి. రోజంతా తలుపులతో వేగేవాడికి ఇంట్లోనూ అదే గోలా అని నాన్న వాటిని ముట్టుకోడు. గింజ మెల్లగా వెనకే వెళ్లి గడప దగ్గర ఆగింది. అన్నయ్య తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"కిటికీ ఆ రోజే అన్నాడు, మీ చెల్లే వేసి ఉంటుందిరా అని. నువ్వు కాదని వాడితో పోట్లాడాను."

గింజ కాలివేలితో గడప అంచును గీకింది.

"తాళం వేశావు, సరే. కోపంలో వేశావు. కాసేపుండి తీద్దామనే వేశావేమో." అతని గొంతు చాలా మామూలుగా ఉంది, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నట్టు. "మరి రెప్ప ఎందుకు దించావే?"

చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. పీట మీది పళ్లెం గురించి, పొడి గురించి, చందమామ మీద తన చోటు గురించి, చీకట్లో అతను ఇంకొకరికి ఇచ్చేసిన మాట గురించి. అన్నీ కలిసి గొంతు దాకా వచ్చాయి. ఎప్పట్లాగే అక్కడ ఆగిపోయాయి. ఇన్నాళ్లూ ఇలాంటప్పుడు ఆమె తరఫున మాట్లాడేవాడు ఇప్పుడు ఎదురుగా నిలబడి, ఆమె చెప్పేదాని కోసం చూస్తున్నాడు.

"అలవాటు" అంది గింజ.

అది అబద్ధం కాదు. అన్నయ్య కూడా అది అబద్ధం అనుకోలేదు. ఆమె మొహంలోకి కాసేపు చూసి, తెలిసింది అన్నట్టు తల ఊపాడు. తర్వాత తలుపు వేశాడు. విసురుగా కాదు, మెల్లగానే వేశాడు. ఎన్నడూ కదలని గడియ మొరాయిస్తుంటే లోపల రెండుసార్లు కొట్టి, చివరిదాకా తోశాడు.